రొయ్యలో రుక్మిణీ కల్యాణం

రండి, కూర్చోండి. టీ వచ్చేలోగా మీకో చిన్న పని చెబుతాను. మన భీమవరం చేపల మార్కెట్లో రోజూ వినపడే నాలుగు మాటలిస్తాను: రొయ్య, చేప, పీత, వల. ఈ నాలుగూ వచ్చేలా రుక్మిణీ కల్యాణం గురించి ఒక్క వాక్యం చెప్పాలి. పద్యం అక్కర్లేదు, మామూలు వాక్యం చాలు. షరతు ఒక్కటే, కథలో ఎక్కడా నీసు వాసన తగలకూడదు. కృష్ణుడు చేపలు పట్టకూడదు, రుక్మిణి రొయ్యల కూర వండకూడదు.

ఒక్క నిమిషం ప్రయత్నించండి. కింది పేరా అప్పుడే చదవకండి.

అయిందా? చాలామందికి మొదట తోచేది ద్వారక. సముద్రం ఒడ్డున ఊరు కదా, అక్కడ చేపలుంటాయి, వలలుంటాయి, ఎలాగో ఇరికించేద్దాం అనిపిస్తుంది. అది షరతు తప్పడమే. నా వాక్యం వినండి: "తనను వలచిన రుక్మిణిని పీతాంబరుడు చేపట్టి తేగా, వారొయ్యన ద్వారకలో అడుగిడిరి." వలచిన అన్నచోట వల ఉంది. పీతాంబరుడిలో పీత ఉంది. చేపట్టడంలో చేప ఉంది. వారు, ఒయ్యన కలిస్తే వారొయ్యన, అందులో రొయ్య ఉంది. ఒయ్యన అంటే మెల్లగా అని. మన పాత కావ్యాల్లో తరచూ కనిపించే మాట.

ఇందులో ఏం జరిగిందో కాస్త నింపాదిగా చూద్దాం. రొయ్య అనగానే కళ్ళముందు మీసాలతో సహా రొయ్య మెదులుతుంది. ఆ బొమ్మ మెదులుతున్నంతసేపూ మాట విరగదు. బొమ్మను పక్కకు నెట్టి రొ, య్య అని ఒట్టి చప్పుళ్ళుగా వినగలిగితే, 'ఈ రొ మరో మాట చివరి నుంచి కూడా రావచ్చు కదా' అని తడుతుంది. అలా తట్టాక వారు దొరుకుతుంది, ఒయ్యన దొరుకుతుంది. నేనివాళ చెప్పదలుచుకున్నదంతా ఈ విరుపు గురించే. మన ఆలోచన ఆగిపోయినప్పుడు తెలివి చాలలేదనుకుంటాం. చాలాసార్లు జరిగేదేమిటంటే, మొదట ఎక్కడ విరిచామో అక్కడే చూస్తూ ఉండిపోతాం. ఇంకోచోట విరిచి చూడటం అలవాటైనవాళ్ళకి దారి కనిపిస్తుంది. ఆ అలవాటు మాటలతో ఆడుకోవడం వల్ల వస్తుంది, పసితనంలోనే మొదలవుతుంది.

మనమాడిన ఆట పేరు దత్తపది, అష్టావధానంలో ఒక అంశం. దాంతోపాటు సమస్య, నిషిద్ధాక్షరి, న్యస్తాక్షరి, వర్ణన, ఆశువు, అప్రస్తుత ప్రసంగం వంటివి ఉంటాయి. సభను బట్టి ఒకటీ అరా మారుతుంటాయి. ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటే అవధాని అందరికీ జవాబిస్తూ, చివరికి పద్యాలన్నీ ఒక్క అక్షరం తప్పకుండా మళ్ళీ ఏకరువు పెట్టాలి. ఆ చివరి ఘట్టమే ధారణ. చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు.

ఈ విద్యను తెలుగునాట ఊరూరా మోగించినవాళ్ళలో ఒకాయన మన పక్కూరివాడే. భీమవరం నుంచి కాస్త దూరం వెళితే ఉండి మండలంలో యండగండి వస్తుంది. దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1872లో అక్కడ పుట్టారు. ఆయన జంట చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1870లో కడియంలో పుట్టారు. ఇద్దరూ చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చదువుకున్నారు. అక్కడ కుదిరిన స్నేహం తిరుపతి వేంకట కవులన్న ఒకే పేరైంది. అష్టావధానాలు, శతావధానాలు చేస్తూ సంస్థానాలన్నీ తిరిగారు. 1920లో తిరుపతిశాస్త్రి గారు పోయాక కూడా వేంకటశాస్త్రి గారు తన రచనలు ఇద్దరి పేరుమీదే వేశారు. బందరు హిందూ హైస్కూల్లో ఆయన పాఠం చెబితే విన్నవాళ్ళలో విశ్వనాథ సత్యనారాయణ గారు ఒకరు. వేంకటశాస్త్రి గారి 'కథలు గాథలు' చదివితే ఆ రోజుల అవధాన సభలు, వాదాలు, పంతాలు ఆయన నోటితోనే వినవచ్చు.

ఈ జంట రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలు మన డెల్టాలో ఎంత దూరం వెళ్ళాయో పెద్దవాళ్ళకి తెలుసు. సంతకం కూడా రాని రైతులు చేలో నడుస్తూ రాయబారం పద్యాలు రాగం తీసి పాడేవారు. నాటకం ఆడుతుంటే నటుడు ఒక్క మాట మింగినా ముందు వరసలోంచి అందించేవారు. బళ్ళో చదువు లేకుండా అన్ని పద్యాలు తలలో ఎలా నిలిచాయి? ఇది మనస్తత్వశాస్త్రం తీరిగ్గా కూర్చుని ఆలోచించిన ప్రశ్న. దాని జవాబు అవధానాన్ని కూడా విప్పుతుంది.

ఈ పరంపర పాతబడిపోయిందనుకోకండి. మన జిల్లాలోనే తాడేపల్లిగూడెం దగ్గర బోడపాడులో పుట్టిన గరికిపాటి నరసింహారావు గారు 1996లో కాకినాడలో వెయ్యిమందికి పైగా పృచ్ఛకులతో మహాసహస్రావధానం చేశారు. అలాంటి సభ చూసి బయటికొచ్చినవాళ్ళు "సరస్వతీ కటాక్షమండీ" అంటారు. నేనూ ఆ తల్లికి దణ్ణం పెడతాను. పెట్టి, ఆ కటాక్షం పనిచేసే తీరేమిటో కూడా తెలుసుకుందామంటాను. తెలుసుకుంటే గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. అవధాని ఒకే క్షణంలో ఎనిమిది ఆలోచనలు చేయడు. వరసగా ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాడు. సమస్యకి ఒక పాదం చెప్పి వదిలేస్తాడు. దత్తపదికి ఒక పాదం చెప్పి వదిలేస్తాడు. అలా ఒక చుట్టు పూర్తయ్యాక రెండో పాదాలకి మళ్ళీ మొదటివాడి దగ్గరికి వెళతాడు. నాలుగు చుట్లలో పద్యాలు పూర్తవుతాయి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి "ఏవండీ, మీ ఊళ్ళో మామిడికాయలు కాశాయా?" అని అడ్డు తగులుతుంటాడు. దానికీ చమత్కారంగా బదులిచ్చి, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అందుకుంటాడు. కాబట్టి అసలు కష్టం వదిలేయడంలో, వదిలేసినదాన్ని చెక్కుచెదరకుండా మళ్ళీ అందుకోవడంలో ఉంది.

దీనికి ఎంత జ్ఞాపకం కావాలి? అమెరికా మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ఒక వ్యాసం లోకప్రసిద్ధం. ఒకసారి విని వెంటనే అప్పజెప్పగలిగినవి సామాన్యంగా ఏడు, ఒకటో రెండో అటూ ఇటూ అన్నాడాయన. ఫోన్ నంబరు ఎవరైనా చెబుతుంటే సగంలోనే "ఆగండాగండి, రాసుకుంటాను" అంటాం కదా, అందుకే. అయితే మిల్లర్ ఇంకో కీలకమైన మాట కూడా అన్నాడు. ఆ ఏడింటిలో ఒక్కొక్కటి ఎంత పెద్దదైనా కావచ్చు. విడి అక్షరాలైతే ఏడు అక్షరాలు, తెలిసిన మాటలైతే ఏడు మాటలు. ఎంత పెద్ద ముక్కగా కట్టుకోగలిగితే అంత ఎక్కువ పడుతుంది.

దీనికి కళ్ళకు కట్టే రుజువు 1980లో వచ్చింది. అండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు ఒక మామూలు కాలేజీ విద్యార్థికి అంకెలు చదివి వినిపిస్తూ అప్పజెప్పించారు. మొదట్లో అందరిలాగే ఏడు అంకెలు. ఏడాదిన్నరకు పైగా, 230 గంటలకు మించి సాధన చేశాక ఏకంగా 79 అంకెలు అప్పజెప్పాడు. ఆ కుర్రాడు పరుగు పందేల మనిషి. మూడు నాలుగు అంకెలు వినగానే వాటిని ఫలానా పందెంలో పట్టే సమయంగా మార్చుకునేవాడు. సరే, అంకెల బదులు అక్షరాలిచ్చి చూద్దామన్నారు. మళ్ళీ ఆరేడు దగ్గరికే వచ్చేశాడు. పెరిగింది మొత్తం జ్ఞాపకశక్తి కాదన్నమాట. తనకు బాగా తెలిసిన ఒక లోకంలో కొత్త విషయాలకు చోటు కల్పించుకోవడం నేర్చుకున్నాడు.

మన అవధాని లోకం ఛందస్సు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలుంటాయి. మనకవి 20 అక్షరాలు, ఆయనకు భ ర న భ భ ర వ అని ఏడు గణాలు. చంపకమాల చూడండి, 21 అక్షరాలు, గణాలు ఏడే. శార్దూలం, మత్తేభం కూడా ఏడేసి గణాలే. మిల్లర్ చెప్పిన ఏడుకీ దీనికీ సంబంధం ఉందని నేననను. కానీ ఒక పాదం ఊపిరి తిప్పుకోకుండా ఒక్క పట్టున నోటబట్టే కొలతలో ఉందని మాత్రం పద్యం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. దానికి తోడు చిన్నప్పుడే బట్టీపట్టిన అమరకోశం ఉంటుంది. కమలము అంటే నాలుగూ లఘువులు. పద్మము అంటే ఒక గురువు, రెండు లఘువులు. తామర కూడా అంతే. పుండరీకము నడక వేరు. పువ్వు ఒకటే, కొలతలు వేరు. ఏ గణం దగ్గర ఏది సరిపోతుందో వెతుక్కోకుండానే నాలుక చివరికి వస్తుంది. ఆ వెతుకులాట తప్పడం వల్లే ఆలోచించడానికి తీరిక మిగులుతుంది.

ఇక ప్రాస సంగతి. నియమాలు కవిని కట్టిపడేస్తాయని చాలామంది అంటారు. జ్ఞాపకం విషయంలో జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. మనమే పరీక్షించుకుందాం. నీళ్ళలో బతికేది ఒకటి చెప్పండి అంటాను. మీరు రొయ్య అనవచ్చు, కప్ప, తాబేలు, మొసలి, ఏదైనా అనవచ్చు. పోనీ, రెండో అక్షరం 'ప' ఉన్న చిన్న మాట చెప్పండి అంటాను. పాప, దీపం, కోపం, చాప, శాపం, ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు రెండూ కలిపి అడుగుతాను. నీళ్ళలో బతికేది, పాపకి ప్రాస కలిసేది. చేప! ఇంకొకటి చెప్పాలన్నా నోటికి రాదు. అర్థం ఒక వైపు నుంచి, చప్పుడు ఇంకో వైపు నుంచి దారి మూసుకుంటూ వస్తే మిగిలేది ఒక్కటే మాట. నోటిమాటగా నిలిచిన కావ్యాలూ పాటలూ తరాల తరబడి చెరగకుండా ఉండటానికి కారణం ఇదేనని డేవిడ్ రూబిన్ 1995లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. చేలో రాయబారం పాడిన రైతుకి దారి చూపింది ఇదే. రాగం, గణం, యతి, ప్రాస, కథ, అయిదూ కలిసి తర్వాతి మాట చేతికందించేవి.

నిషిద్ధాక్షరి దీనికి ఎదురు ఆట. అవధాని 'శ్రీ' అనగానే పృచ్ఛకుడు మనసులో లెక్కేస్తాడు. శ్రీ తర్వాత రామ రావచ్చు, కాబట్టి "ర వద్దు" అంటాడు. అవధాని ఇంకో అక్షరం వేస్తాడు. ఆ రెండింటి తర్వాత ఏది రావచ్చో ఊహించి అదీ వద్దంటాడు. అంటే పృచ్ఛకుడి పని తర్వాతి అక్షరాన్ని ముందే పసిగట్టడం. 1951లో క్లాడ్ షానన్ అనే గణితవేత్త సరిగ్గా ఈ పనే మనుషుల చేత చేయించాడు. ఇంగ్లీషు వాక్యం కొంత చూపించి తర్వాతి అక్షరం ఏమిటో చెప్పమన్నాడు. భాష బాగా వచ్చినవాళ్ళు ఆశ్చర్యపోయేంత సరిగ్గా చెప్పారు. భాష వచ్చినవాడి బుర్రలో ఏ అక్షరం వెనక ఏది వస్తుందన్న అంచనా దాగి ఉంటుందని తేలింది. ఇప్పుడు ఫోన్లలో మనతో మాట్లాడే కృత్రిమ మేధ కూడా తర్వాతి మాటను అంచనా కట్టడం మీదే నిలబడి ఉంది. మన పృచ్ఛకులు ఆ విద్యను సభలో పందెంగా పెట్టారు. అందరికీ తోచే దారి మూసేశాక కూడా అర్థమున్న వాక్యంతో బయటపడటం అవధాని గొప్ప.

అన్నిటికన్నా నాకిష్టమైనది సమస్య. పృచ్ఛకుడు చివరి పాదం ఇస్తాడు. వింటే అది అసంబద్ధంగానో, పాపంగానో ఉంటుంది. పై మూడు పాదాలు కట్టి దాన్ని సబబుగా మార్చాలి. మచ్చుకి నేనొకటి అల్లి చెబుతాను, ఛందస్సు వెతక్కండి, ఒట్టి వచనమే. "పతిని చంపి ఆ యింతి కీర్తి పొందె." మొగుణ్ణి చంపిన ఆడమనిషికి కీర్తేమిటి? ఎంత ఆలోచించినా కోర్టులూ నేరాలే తడతాయి. ఇప్పుడు పై పాదం చివర 'దానవ' అని ఆపి చూడండి. దానవపతిని చంపి ఆ యింతి కీర్తి పొందె. నరకాసురుడు కూలాడు, సత్యభామ నిలబడింది, దీపావళి వచ్చేసింది. ఒక్క మాట ముందు చేరేసరికి పాపం పండగైంది.

మనకెందుకు తట్టలేదు? 'పతిని' అనేది పాదం మొదట్లో ఉంది కాబట్టి మాట కూడా అక్కడే మొదలైందనుకున్నాం. అలా అని ఎవరూ చెప్పలేదు. మనమే గీత గీసుకున్నాం. 1999లో క్నోబ్లిక్, ఓల్సన్ మొదలైన పరిశోధకులు అగ్గిపుల్లలతో ఇదే సంగతి చూపించారు. రోమన్ అంకెల్లో "పదకొండు = మూడు + మూడు" అని పుల్లలు పేర్చారు. తప్పు లెక్క. ఒక్క పుల్ల కదిపి సరిచేయాలి. చాలామంది నిలువు పుల్లలు అటూ ఇటూ మార్చి అలిసిపోయారు. జవాబు పది అంకెలో ఉంది. రోమన్ పది అంటే ఇంటూ గుర్తులా అడ్డంగా పడ్డ రెండు పుల్లలు. అందులో ఒక పుల్లను జరిపితే అది అయిదవుతుంది. పక్కనున్న ఒకటితో కలిసి ఆరు. ఆరు = మూడు + మూడు. ఇంటూ గుర్తు కంటికి ఒకే ముక్కలా కనిపిస్తుంది, రెండు పుల్లలని తోచదు. గట్టిగా అతుక్కున్న ముక్కను విడదీయడం వదులుగా ఉన్నదాన్ని విడదీయడం కన్నా కష్టమని వాళ్ళ పరిశోధన చెప్పింది. దానవపతి, వారొయ్యన, రోమన్ పది, మూడింటి రహస్యమూ ఒకటే.

ఇక్కడ ఒక చిత్రం గమనించారా? జ్ఞాపకానికి ముక్కలు గట్టిగా అతుక్కోవాలి. సమస్య విడదీయడానికి అవే ముక్కలు వదులవ్వాలి. ఒకే మనిషి రెండూ చేయాలి. కట్టడం తెలిసి విరవడం తెలియనివాడు బట్టీ దగ్గర ఆగిపోతాడు. విరవడమే తప్ప కట్టడం తెలియనివాడికి తలలో ఏదీ నిలవదు. యండగండి నుంచి వెళ్ళిన ఆ కుర్రాడికి గురువు దగ్గర రెండూ దొరికాయి. ఒక పక్క కావ్యాలూ వ్యాకరణమూ కంఠస్థం, ఇంకో పక్క సహాధ్యాయితో పద్యాల సాధన.

మరి ఇది మొదలయ్యేదెప్పుడు? ఉయ్యాల్లో, అండీ. పసిబిడ్డ చెవికి మన మాటలు విడివిడిగా వినపడవు. 'రాముడెక్కడున్నాడు' అని మనం ఒక్క గుక్కలో అనేస్తాం. రాముడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ అన్న మాట ఎక్కడ మొదలైందో ఎవరు చెప్పాలి? 1996లో జెన్నీ సాఫ్రన్ బృందం ఎనిమిది నెలల పిల్లలకి అర్థం లేని మాటలు కొన్ని విరామం లేకుండా రెండు నిమిషాలు వినిపించింది. ఏ అక్షరం తర్వాత ఏది తరచుగా వస్తోందో చెవితోనే లెక్కగట్టి, ఏది మాటో ఏది కాదో పిల్లలు పోల్చుకున్నారు. సంధులతో నిండిన తెలుగులో మన పిల్లలు రోజూ చేస్తున్న పని ఇదే. నడక రాకముందే విరుపు వస్తోంది.

చప్పుళ్ళ విషయమూ అంతే. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగంలో ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీ ట, త ల తేడా పట్టుకున్నారు. ఏడాది నిండేసరికి ఆ పట్టు చాలావరకు జారిపోయింది. ఇంట్లో ఆ తేడా వినపడదు కాబట్టి అవసరం లేదని చెవి తేల్చేసుకుంది. మన ఇళ్ళలో తాత ఉన్నాడు, టాటా ఉంది. తాతకి టాటా చెప్పే పిల్లకి ఆ తేడా ఎప్పటికీ పోదు. పసివాళ్ళ ముందు మనమాడే ప్రతి మాటకీ ఇంత విలువుంది. వాళ్ళకింకా ఏం అర్థమవుతుందిలే అని ఊరుకోవద్దు.

ఇంకాస్త పెద్దయ్యాక "మన వీధిలో ఎన్ని ఇల్లులున్నాయి?" అంటారు. నవ్వకండి. ఇల్లులు అన్న మాట ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు, ఎక్కడా విని ఉండదు. పువ్వు, పువ్వులు, గోడ, గోడలు అని విని సూత్రం తనే పట్టుకుంది, తనే వాడింది. ఇళ్ళు అన్నది తర్వాత మన నోట విని సర్దుకుంటుంది. అలాగే మూడు నాలుగేళ్ళ పిల్లలు బొమ్మలు పేరుస్తూ తమలో తాము గొణుక్కుంటారు. "ఇది ఇక్కడ... కాదు కాదు... అక్కడ పెడదాం." సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్స్కీ దీన్ని శ్రద్ధగా గమనించాడు. పని కష్టమైనకొద్దీ ఆ గొణుగుడు ఎక్కువవుతుంది, వయసు పెరిగాక అదే లోపలికి దిగి ఆలోచనగా మారుతుంది అన్నాడు. ఆయన పుస్తకం 1934లో వచ్చింది. కాబట్టి "నోర్మూసుకుని ఆడుకో" అనే ముందు ఆలోచించండి. ఆ నోరే ఆ పిల్లాడి బుర్ర.

బళ్ళో చేరే వయసుకి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే 'క' భాష కనిపెట్టుకునేవారు, గుర్తుందా? ప్రతి అక్షరం ముందూ క చేర్చడం. నువ్వు అంటే కనుకవ్వు. రేపు రా అంటే కరేకపు కరా. పెద్దవాళ్ళకి అర్థం కాకుండా గడగడా మాట్లాడుకునేవారు. మాటను అక్షరాలుగా కోసి, మధ్యలో ఒకటి దూర్చి, మళ్ళీ అతకడం, అదీ మాట్లాడే వేగంతో! మన లిపికి తోబుట్టువైన కన్నడంలో పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో సోనాలీ నాగ్ పరిశీలించి 2007లో ప్రచురించారు. అక్షరం అక్షరంగా విడదీయడం పిల్లలకి త్వరగా పట్టుబడుతుంది. ఆ అక్షరంలోపల హల్లును, అచ్చును విడదీసి వినడం నెమ్మదిగా, గుణింతాలూ ఒత్తులూ వచ్చేకొద్దీ వస్తుంది. దీనికి ఏళ్ళు పడుతుందని ఆమె పరిశోధనలో తేలింది. రెండో తరగతి పిల్ల ఒత్తు తప్పిందని వీపు విమానం మోత మోగించే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. 'క' భాష ఆడే పిల్ల ఆ మెట్లు ఆటగా ఎక్కేస్తోంది.

పొడుపు కథ కూడా అలాంటిదే, విప్పమని విసిరే సమస్యే. పాతవి రాకపోతే కొత్తవి అల్లండి. నేనొకటి మొదలుపెడతాను. "మంచినీళ్ళూ కాదు, ఉప్పునీళ్ళూ కాదు, మధ్య నీళ్ళలో పెరిగాడు. పుట్టిన ఊళ్ళో నిలవలేదు. ఐసు పరుపు మీద పడుకుని, ఓడెక్కి పరదేశం పోయాడు. ఎవడు వాడు?" మన చెరువుల చుట్టూ పెరిగే పిల్ల దీన్ని విప్పేస్తుంది. విప్పాక తనే ఇంకోటి చేస్తుంది. పరుపు అనగానే మంచం, పడగ్గది తోచినా, ఆ విరుపు వదిలేసి ఐసు పెట్టె దాకా వెళ్ళిందంటే అవధానానికి కావలసిన మొదటి మెట్టు ఎక్కేసినట్టే.

మన భీమవరం చదువుల ఊరు. 1945లో మొదలైన డి.ఎన్.ఆర్. కాలేజీ దగ్గర్నుంచి ఇప్పటి ఇంజినీరింగ్ కాలేజీల దాకా ఎన్ని తరాలు చదువుకుని దేశదేశాలు వెళ్ళాయో మనందరికీ తెలుసు. పిల్లల మీద పెద్దవాళ్ళకి ఉన్న శ్రద్ధ నేను తక్కువ చేయను. కానీ ఈ శ్రద్ధలో ఒక ముక్క జారిపోయింది. పొద్దున్నే ట్యూషను, తర్వాత బడి, తర్వాత కోచింగు. పిల్లాడు రోజంతా వింటున్నాడు, రాస్తున్నాడు. మాట్లాడేదెప్పుడు? మాటతో ఆడుకునేదెప్పుడు? లెక్కల పుస్తకంలో ఇచ్చిన పద్ధతి అప్పజెబుతాడు, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే పెన్ను కింద పెట్టేస్తాడు. కట్టడం వచ్చింది, విరవడం రాలేదు.

ఇంగ్లీషు మీడియం వద్దని నేననడం లేదు. రెండు భాషలు పక్కపక్కనే పెరగడం పిల్లలకి కొత్తేమీ కాదు, హాయిగా పెరుగుతాయి. అయితే ఆట ఆడుకోవడానికి ఏదో ఒక భాష నిండుగా చేతిలో ఉండాలి. బళ్ళో ఇంగ్లీషు పాఠానికే సరిపోతూ, ఇంట్లో తెలుగు 'తిన్నావా, రాశావా, పడుకో' దగ్గరే ఆగిపోతే, ఏ భాషలోనూ మాటను ఇటు విరిచి అటు విరిచి చూసేంత చనువు ఏర్పడదు. ఆ చనువు మీకు తెలుగులో ఉంది. దాన్ని పిల్లలకి ఇవ్వగలిగింది మీరే, ఏ కోచింగు సెంటరూ ఇవ్వలేదు.

అందుకని నా కోరికలు కొన్ని. అన్నాల దగ్గర రోజుకో దత్తపది పెట్టండి. ఇంట్లో కనిపించే నాలుగు వస్తువుల పేర్లివ్వండి, ఏదో ఒక కథ చెప్పమనండి. పిల్ల మిమ్మల్ని అడిగితే మీరూ చెప్పండి. ఒక పద్యం కంఠస్థం చేయిస్తే దాన్ని ఎక్కడెక్కడ విరవవచ్చో కూడా చూపించండి. లెక్క తెగలేదని పిల్లాడు తల పట్టుకుంటే జవాబు చెప్పేయకండి. "నువ్వేమనుకుంటున్నావో పైకి చెప్పు" అనండి. చెబుతూ చెబుతూ ఎక్కడ గీత గీసుకున్నాడో తనే చూసుకుంటాడు. సంక్రాంతికి మావుళ్ళమ్మ అమ్మవారి ఉత్సవాలు మొదలైతే మన ఊళ్ళో ఎన్ని కార్యక్రమాలు జరుగుతాయి! వాటిలో ఒక సాయంత్రం పిల్లల దత్తపది పెడితే బాగుంటుంది. ఛందస్సు అడగొద్దు, వాక్యం చాలు. పృచ్ఛకులూ పిల్లలే.

ప్రతి పిల్లా అవధాని కావాలని కాదు. పరీక్షలోనో, ఉద్యోగంలోనో, చెరువులో రొయ్యకి తెగులు తగిలిన రోజునో, దారి మూసుకుపోయినప్పుడు "దీన్ని ఇంకోచోట విరిచి చూద్దాం" అని తనంతట తను అనుకోగలిగితే చాలు. అలా అనుకోవడానికి లోపల మాటలుండాలి. ఆ మాటలు పిల్లలకి అబ్బేది మనం వాళ్ళతో మాట్లాడితేనే, రోజూ, తీరిగ్గా, మనకు బాగా వచ్చిన భాషలో.